రోడ్ బైక్ వెనక హబ్బు: కుడివైపే ఎందుకు అరిగిపోతుంది?

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ బైక్ అంటే బుల్లెట్టూ పల్సరూ కాదు. వంపు హ్యాండిల్, సన్నటి టైర్లు ఉండే రేసు సైకిలు.

ఏ పాత రోడ్ బైక్ వెనక హబ్బు విప్పినా లోపల సరుకు ఒకటే. రెండు వైపులా ఒక్కో కప్పు, ఒక్కో కోను, వాటి మధ్య బాల్సు. వెనక హబ్బులో మామూలుగా పావంగుళం బాల్సు, ఒక్కో వైపు 9. మన సైకిల్ షాపుల్లో ఓవరాయిలింగ్ అంటే కిరసనాయిల్లో వేసి కడిగేవి ఇలాంటివే. ఈ ఐడియా చాలా పాతది. 1869లో పారిస్‌లో జూల్ సూరిరే సైకిల్ బాల్ బేరింగులకి పేటెంట్ తీసుకున్నాడు. అదే ఏడాది నవంబర్‌లో పారిస్ నుంచి రువాన్ దాకా 123 కిలోమీటర్ల రేసు జేమ్స్ మూర్ గెలిచాడు. అతని సైకిల్లో ఉన్నవి ఈ బేరింగులే అంటారు.

సరే, కుడివైపు గొడవేంటి? పాత పద్ధతిలో ఫ్రీవీలుని హబ్బుకి కుడివైపు మర తిప్పి బిగిస్తారు. పళ్ల చక్రం ఒకటే ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. అవి 5 అయ్యేసరికి హబ్బు వెడల్పు 120 మిల్లీమీటర్లు, 6 అయ్యేసరికి 126. చక్రాలు బయటికి పెరుగుతూ పోయాయి, బేరింగు మాత్రం లోపలే ఉండిపోయింది. పిల్లర్ కదపకుండా బాల్కనీని రోడ్డు దాకా లాగినట్టన్నమాట. మన బరువు, గుంతల దెబ్బలు అన్నీ ఆధారం లేని ఆ ఇరుసు ముక్క మీదే పడతాయి.

నా 6 గేర్ల సెకండ్ హ్యాండ్ బండిలో జరిగింది ఇదే. ఎడమ కోను బాగానే ఉంది. కుడి కోను నిండా గుంటలు, ఇరుసు కొంచెం వంగింది. కోను, ఇరుసు, బాల్సు మార్చుకోవచ్చు. కప్పు పోతే మాత్రం చాలా హబ్బుల్లో కథ ముగిసినట్టే. పాత కంపాన్యోలో రికార్డ్ హబ్బుల్లో కప్పుని ఊడదీసి కొత్తది దిగ్గొట్టొచ్చు, అందుకే వాటికి ఇప్పటికీ అంత గిరాకీ. నేను గ్రీజు తుడిచి, బాల్ పెన్ను మొనని కప్పు గాడి చుట్టూ తిప్పాను. ఎక్కడా తట్టుకోలేదు. హబ్బు బతికింది! రెండు కోన్లూ ఇరుసూ మార్చాను, 18 బాల్సూ కొత్తవే వేశాను. బిగించేటప్పుడు ఒక సంగతి: ఇరుసుకి క్విక్ రిలీజ్ ఉంటే కోన్లని పూర్తిగా టైట్ చేయకూడదు, వెంట్రుకవాసి లూజు వదలాలి. లివర్ నొక్కితే ఇరుసు కాస్త కుదించుకుంటుంది, ఆ లూజు పోతుంది.

బాల్కనీ సమస్యని పరిష్కరించింది షిమానో. 1978లో డ్యూరా-ఏస్‌లో ఫ్రీహబ్ తెచ్చింది. ఫ్రీవీల్ యంత్రాంగాన్ని హబ్బులో భాగం చేసి, కుడి బేరింగుని బయటి అంచుకి జరిపింది. ఇంజనీరింగ్‌గా సూపర్. కాకపోతే, అంతకుముందు మర సరిపోతే వేరే కంపెనీ ఫ్రీవీలైనా వేసుకునేవాళ్లం. ఆ స్వేచ్ఛ తగ్గింది, అది నాకు నచ్చలేదు.

మీది షిమానో ఫ్రీహబ్ అయితే కుడి కప్పు ఫ్రీహబ్ బాడీలోనే ఉంటుంది, బాడీ మారిస్తే కప్పూ కొత్తదవుతుంది. ఎడమ కప్పుకి ఆ అవకాశం లేదు. కాబట్టి డబ్బులు పెట్టేముందు పెన్ను మొన ఎడమవైపు తిప్పి చూడండి.