లీటరుకు ఎంత? వాహనదారులు చెప్పే మైలేజీ అంకెల్లో నిజాయితీ, కచ్చితత్వం

బండి ఎంత మైలేజీ ఇస్తోందని అడిగితే తెలియదనే వాళ్లు మన దగ్గర అరుదు. జీతం ఎంతో చెప్పడానికి తటపటాయించే మనిషి కూడా ఈ అంకెను అడిగీ అడగకముందే చెప్పేస్తాడు. ‘కిత్నా దేతీ హై’ అన్న ఒక్క ప్రశ్న మీద మారుతి సుజుకీ ప్రకటనల వరసే నడిపింది. అంత తేలిగ్గా బయటికొచ్చే అంకెను పరిశోధకుడు ఎంతవరకు నమ్మవచ్చు? వాహనదారుడు అబద్ధమాడుతున్నాడా అన్నది ఇందులో చిన్న ప్రశ్న. నిజమే చెప్పాలనుకున్నా ఆ నిజం అతనికి తెలిసే వీలుందా అన్నది పెద్ద ప్రశ్న. మైలేజీ ఒక భాగఫలం. భాగఫలాన్ని అడిగితే జనం తమ బండి మీద తమకున్న అభిప్రాయం చెబుతారు. కిలోమీటర్లనూ లీటర్లనూ విడివిడిగా అడిగితేనే కొలత చేతికొస్తుంది. ఈ వ్యాసంలో నా వాదన ఇదే.

అంకె ఎలా పుడుతుంది

పద్ధతి ప్రకారమైతే ట్యాంకు ఫుల్ చేయించి మీటరు రీడింగు రాసుకోవాలి. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు పట్టిన లీటర్లతో ఈ మధ్య నడిచిన దూరాన్ని భాగించాలి. రెండు వందలకు పెట్రోలు కొట్టించుకుని రోజులు నెట్టుకొచ్చే ద్విచక్ర వాహనదారుడికి ఇది కుదిరే పని కాదు. అతనికి ఒకప్పుడు ఇంకో దారి ఉండేది. కార్బురేటర్ బండ్లలో రిజర్వు నాబ్ ఉండేది. రిజర్వు పడిన చోట రీడింగు చూసుకుని, లెక్కగా రెండు లీటర్లు పోయించుకుని, మళ్లీ రిజర్వు పడేదాకా నడిపితే తేలే అంకె నిజానికి మంచి అంకే. ట్యాంకులో పెట్రోలు మట్టం రెండుసార్లూ ఒకే చోట ఉంటుంది కదా. పుస్తకాలెక్కని ఈ పద్ధతికి దక్కాల్సిన గౌరవం దక్కలేదనే అనుకుంటాను.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. చాలా మోడళ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారి, ఆ నాబ్ కనుమరుగైంది. ఇప్పుడు అనేక బండ్లలో డిజిటల్ మీటరే సగటు మైలేజీ చూపిస్తోంది. వాహనదారుడు లెక్క వేయడం మానేసి, మీటరు చూపిందే తన లెక్కగా చెబుతున్నాడు. ఆ మీటరు ట్యాంకులోంచి పోయిన పెట్రోలును కొలవదు. ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుందన్న దాన్నిబట్టి అంచనా కడుతుంది. కాబట్టి ఒక సర్వే పట్టికలో పక్కపక్కనే పడ్డ రెండు ‘48’ల్లో ఒకటి రిజర్వు లెక్క, ఇంకొకటి తెర మీది అంచనా కావచ్చు. పట్టికను చూసి ఆ తేడా కనిపెట్టలేం.

ఫుల్ ట్యాంకు పద్ధతికీ దాని తిప్పలు దానికున్నాయి. బంకులో నాజిల్ ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర ఆగదు. నాలుగు లీటర్లు పట్టే చోట పావు లీటరు తేడా వస్తే 6 శాతం పోయినట్టే. కారుకు 35 లీటర్లు పట్టినప్పుడు అదే పావు లీటరు ఒక శాతం కూడా కాదు. పంపు కొలతలో తూనికలు కొలతల నిబంధనలు ఓర్చుకునే తేడా 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు, అంటే అర శాతం. పెట్రోలు 10 డిగ్రీల వేడికి సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది. ఇక టైర్లు. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రం మీద గాడి 8 మిల్లీమీటర్ల నుంచి 2 మిల్లీమీటర్లకు అరిగితే, ఓడోమీటరు 2 శాతం ఎక్కువ దూరం చూపిస్తుంది. టైర్లు అరిగేకొద్దీ మైలేజీ పెరిగిందని సంబరపడేవాళ్ల లెక్కలో ఇది కొంత ఉంటుంది. (అరిగిన టైరు దొర్లడానికి పడే శ్రమ తగ్గుతుందన్నదీ నిజమే, అది వేరే సంగతి.) వీటిలో నాజిల్ దోషం వరసగా లెక్క రాసేవాడికి కరిగిపోతుంది. ఈసారి ఎక్కువ పట్టింది వచ్చేసారి తక్కువగా తేలుతుంది. టైరు దోషం ఎన్ని ట్యాంకులు గడిచినా అలాగే ఉంటుంది.

లెక్క వేసేటప్పుడు జరిగే తప్పు మరొకటి. హైవే మీద 20, ఊళ్లో 10 ఇచ్చే కారును సగటున ఎంతిస్తోందని అడిగితే యజమాని 15 అంటాడు. రెండు చోట్లా 400 కిలోమీటర్ల చొప్పున నడిపి ఉంటే కాలింది 20, 40, మొత్తం 60 లీటర్లు. 800 కిలోమీటర్లకు 60 లీటర్లంటే 13.3. అతను అబద్ధమాడలేదు, రెండు భాగఫలాలను కూడి సగం చేశాడంతే. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో ‘సైన్స్’ పత్రికలో చూపించిన భ్రమ దీనికి దగ్గరి చుట్టం. మైలేజీ 8 నుంచి 10కి పెరిగితే వెయ్యి కిలోమీటర్లకు 25 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 25కు పెరిగితే మిగిలేవి 10 లీటర్లే. మనసు మాత్రం రెండో పెరుగుదలనే పెద్దదిగా తూస్తుంది. చాలా ఐరోపా దేశాల్లో 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని లెక్కగడతారు కాబట్టి అక్కడ ఈ పొరపాటుకు తావు తక్కువ.

గుండ్రటి అంకెలు, కల్పిత అంకెలు

చెప్పే అంకె 40, 45, 50, 60 దగ్గర ఆగడం చూసి జనం కాకిలెక్కలు చెబుతారనుకోవడం తొందరపాటు. మన జనగణనల్లో వయసులు 0, 5తో ముగిసే అంకెల దగ్గర పోగుపడటం జనాభా శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. ఆ పోగును కొలవడానికి విపుల్ సూచీ ఉంది. గుండ్రటి అంకె చెప్పేవాడు తనకు తెలిసింది ఇంతమాత్రమేనని చెప్పకనే చెబుతున్నాడు. దశాంశ స్థానం దాకా చెప్పేవాడినే నేను ముందు అనుమానిస్తాను.

ఈ అనుమానానికి ఆధారం వాహనదారుల రంగంలోనే దొరికింది. 2012లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. నిజమే చెబుతున్నానన్న సంతకాన్ని పత్రం చివర కాకుండా మొదట్లోనే పెట్టిస్తే జనం ఎక్కువ నిజాయితీగా ఉంటారని దాని సారం. అందులో ఒక ప్రయోగం వాహన బీమాకు సంబంధించింది. ఓడోమీటరు రీడింగును ఖాతాదారులే రాసి పంపుతారు. తక్కువ తిరిగినట్టు చూపితే ప్రీమియం తగ్గుతుంది. మొదట్లో సంతకం పెట్టినవాళ్లు ఎక్కువ దూరం ఒప్పుకున్నారని వ్యాసం చెప్పింది, ప్రపంచమంతా ఉటంకించింది. 2021 ఆగస్టులో ‘డేటా కొలాడా’ పేరుతో పరిశోధనలను తనిఖీ చేసే ఉరి సిమన్సన్, జో సిమన్స్, లీఫ్ నెల్సన్ ఆ దత్తాంశం కల్పితమనడానికి ఆధారాలు బయటపెట్టారు. తిరిగిన దూరాలు సున్నా నుంచి 50,000 మైళ్ల దాకా అన్ని చోట్లా సమానంగా పరుచుకుని, అక్కడ కత్తిరించినట్టు ఆగిపోయాయి. మనుషుల ప్రయాణాలు అలా ఉండవు. అంతకన్నా ముఖ్యం, మొదటి రీడింగులు వేలు, అయిదు వందల దగ్గర పోగుపడ్డాయి, రెండోసారి పంపినట్టు చెప్పిన రీడింగుల్లో ఆ పోగే లేదు. మనిషి రాసిన అంకెలో ఉండాల్సిన గుండ్రదనం కంప్యూటరు పుట్టించిన అంకెలో లేకపోయింది. సెప్టెంబరులో ఆ వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించింది. ఎవరు కల్పించారన్నది ఇక్కడ మనకు అవసరం లేదు. నిజాయితీ మీద రాసిన వ్యాసాన్ని వాహనదారుల ‘అజాగ్రత్తే’ పట్టించిందన్నది అవసరం. మైలేజీ సర్వే చేసేవాళ్లు గుండ్రటి అంకెలను దోషంగా చూసి తీసేయకూడదు. అవి ఎంత శాతమున్నాయో లెక్కించి నివేదికలో చూపాలి.

ఎవరికి చెబుతున్నాం

ఒకే బండికి ఒకే మనిషి రెండు మైలేజీలు చెప్పగలడు. అమ్మకానికి పెట్టినప్పుడు ఒకటి, షోరూము సర్వీసు సెంటర్లో తగువు పడేటప్పుడు ఇంకొకటి. మొదటిదానిలో హైవే మీద వచ్చిన మేటి అంకె, రెండోదానిలో ట్రాఫిక్‌లో వచ్చిన నాసి అంకె గుర్తుకొస్తాయి. రెండూ జరిగినవే కాబట్టి రెండూ అబద్ధాలు కావు. లారీల్లో మొగ్గు పూర్తిగా తిరగబడుతుంది. ట్రిప్పుకింత డీజిల్ అని లెక్కగట్టే యజమాని దగ్గర, మైలేజీ తక్కువని చెప్పడమే డ్రైవరుకు లాభం. లోడు, ఘాట్ రోడ్డు, ఎదురుగాలి అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఎక్కువ మైలేజీ చెబితే తర్వాతి ట్రిప్పుకు డీజిల్ కోత పడుతుంది.

ఈ తలనొప్పిని మన ఆర్టీసీలు తప్పించుకున్న తీరు గమనించదగ్గది. డిపోల్లో ‘కేఎంపీఎల్’ను, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నదాన్ని, డ్రైవర్ల వారీగా లెక్కగడతారు. బాగా తెచ్చినవాళ్లను మెచ్చుకుంటారు, తగ్గినవాళ్లకు శిక్షణ ఇస్తారు. ఆ అంకెను మాత్రం డ్రైవరును అడగరు. పోసిన డీజిల్ లెక్క డిపో చేతిలో ఉంటుంది, దూరం సర్వీసు లెక్కలో ఉంటుంది. భాగహారం సంస్థ చేస్తుంది.

జర్మనీలో 2001 నుంచి నడుస్తున్న స్ప్రిట్‌మోనిటర్‌లో ఇదే సూత్రం స్వచ్ఛందంగా అమలవుతోంది. సభ్యులు మైలేజీ ఎంతని చెప్పరు. ఇంధనం పోయించుకున్న ప్రతిసారీ లీటర్లు, ఓడోమీటరు రీడింగు రాస్తారు. రాసే ఓపికున్నవాళ్లు ఇంధనం మీద మామూలుకన్నా ఎక్కువ ధ్యాస ఉన్నవాళ్లే కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే ఆ మొగ్గు ఏటా ఒకేలా ఉన్నంతకాలం, ఏళ్ల మధ్య మార్పును అది చెడగొట్టదు. స్వచ్ఛ రవాణా అంతర్జాతీయ మండలి ప్రధానంగా ఇలాంటి లెక్కల ఆధారంగానే ఒక పెద్ద నిజాన్ని బయటపెట్టింది. ఐరోపాలో ప్రయోగశాల అంకెకూ రోడ్డు మీది వాస్తవానికీ మధ్య తేడా 2001లో సుమారు 9 శాతం ఉంటే, 2015 నాటికి దాదాపు 42 శాతానికి చేరింది. కార్లు మెరుగయ్యాయని కాగితాలు చెబుతున్న కాలంలో, మెరుగైంది ఎక్కువగా పరీక్ష రాసే నేర్పేనని మామూలు వాహనదారుల పద్దులు తేల్చాయి. 2017 నుంచి పరీక్ష పద్ధతి మారింది. 2021 నుంచి ఐరోపా కొత్త కార్లన్నిటిలో ఇంధన వాడకాన్ని నమోదు చేసే పరికరం తప్పనిసరైంది. ఆ పరికరాల లెక్కలతో 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన నివేదికలో తేడా పెట్రోలు కార్లకు 23.7 శాతం, డీజిల్ కార్లకు 18.1 శాతం. ప్లగిన్ హైబ్రిడ్లలో అసలు వాడకం అధికారిక అంకెకు మూడున్నర రెట్లు తేలింది.

అమెరికా ప్రభుత్వం వాహనదారుల దగ్గర సేకరించిన మైలేజీ అంకెలను డేవిడ్ గ్రీన్ బృందం విశ్లేషించినప్పుడు, సగటు అధికారిక అంకెకు దగ్గరగానే వచ్చింది, ఒక్కొక్కరి అంకె మాత్రం దాని చుట్టూ బాగా చెదిరి ఉంది. ఒంటరి సాక్ష్యం బలహీనం, గుంపు సాక్ష్యం గట్టిది. 2012లో హ్యుందాయ్, కియా కంపెనీలు అమెరికాలో సుమారు 9 లక్షల వాహనాల మైలేజీ అంకెలను తగ్గించుకోవాల్సి వచ్చింది. అక్కడి పర్యావరణ సంస్థ తనిఖీకి దారితీసిన వాటిలో యజమానుల ఫిర్యాదులూ ఉన్నాయి.

ఇ20 తగువు

ఈ చర్చ మనకు అక్కరకొచ్చే చోటు 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే శుద్ధ పెట్రోలుతో పోల్చినప్పుడు 6–7 శాతం, 10 శాతం కలిపినదానితో పోల్చినప్పుడు మూడు శాతం పైచిలుకు శక్తి తగ్గుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారైన కార్లకు 6–7 శాతం మైలేజీ నష్టమని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. 2025 ఆగస్టులో వివాదం ముదిరినప్పుడు పెట్రోలియం శాఖ, ఇ20కి సరిచేసిన కార్లలో 1–2 శాతం, మిగతావాటిలో 3–6 శాతం అంది. రోడ్డు మీద మాత్రం 20 శాతం పడిపోయిందన్న మాటలూ వినిపించాయి. అలా అన్నవాళ్లు అబద్ధమాడుతున్నారని కొట్టిపారేయడం ఎంత తప్పో, వాళ్ల అంకెను రుజువుగా ఎత్తి చూపడం అంతే తప్పు. శక్తి లెక్కలో 20 శాతానికి చోటు లేదు. ఒకటి రెండు ట్యాంకుల లెక్కలో ఉంది, ఎందుకంటే కొలత దోషం, వాన, ట్రాఫిక్, ఏసీ, మైలేజీ తగ్గుతుందని ముందే విన్న చెవి, అన్నీ అదే దిక్కుకు తోయగలవు.

తేల్చుకోవడానికి ఎంత లెక్క కావాలో వేసి చూడవచ్చు. ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య మైలేజీ ఊగిసలాట, అంటే ప్రామాణిక విచలనం, 5 శాతమనుకుందాం. 3 శాతం తగ్గుదలను 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే ఇంధనం మారకముందు కనీసం 22 ట్యాంకులు, మారాక మరో 22 ట్యాంకులు కావాలి. నెలకు రెండుసార్లు నింపే కారుకు అది రెండేళ్ల దాకా పట్టే పద్దు. అందులో ఎండాకాలాలూ వానాకాలాలూ రెండు వైపులా సమంగా పడాలి. వెయ్యి మంది కార్ల యజమానులు తలా నాలుగు బంకు రసీదులు, వాటి పక్కన ఓడోమీటరు రీడింగులు ఇస్తే ఇదే పని కొద్ది వారాల్లో అవుతుంది. మైలేజీ తగ్గిందా అన్న ప్రశ్న ఆ వివరాలు అడిగే పత్రంలో ఉండకూడదు.