'డిప్రెస్డ్' : ఒక విశేషణం చరిత్ర

ఇవాళ కాలేజీ పిల్లల్ని 'డిప్రెస్డ్' అంటే ఏమిటని అడగండి. మనసు బాగోలేకపోవడం అంటారు. అదే పిల్లలు 1932 నాటి పూనా ఒప్పందం చదివితే, 'డిప్రెస్డ్ క్లాసుల'కి 148 సీట్లు అన్నచోట ఆగిపోతారు. దిగులుపడ్డవాళ్ళకి సీట్లేమిటని! వాళ్ళని తప్పుపట్టలేం. ఆ విశేషణానికి ఆ పాత వాడుక ఇంగ్లీషులోనే అరిగిపోయింది. అయితే సర్కారు కాగితాల్లో మన తాతల్ని పిలిచిన పేరది, అంత తేలిగ్గా వదిలేయలేం.

లాటిన్ నుంచి వచ్చిన మాట. కిందికి నొక్కబడిన అని అర్థం. నొక్కబడినవాడు ఉన్నాడంటే నొక్కినవాడూ ఉండాలి గదా! వాడు మాత్రం మాటలో ఎక్కడా కనపడడు. సంస్కర్తలకీ దొరలకీ ఈ మాట నచ్చింది అందుకేనని మేము అనుకుంటున్నాం. 1906లో బొంబాయిలో విఠల్ రాంజీ షిండే పెట్టిన సంస్థ పేరు డిప్రెస్డ్ క్లాసెస్ మిషన్. ఉద్ధరించేవాళ్ళు పేరుతో సహా తెలుస్తారు, అణచినవాళ్ళే తెలియరు.

మన తెలుగు 'అణగారిన' ఇంకా జారుడు మాట. అణచడం ఒకడు చేసే పని. అణగడం దానంతటదే జరిగేది, వాన పడితే దుమ్ము అణిగినట్టు. 'అణచబడిన' అంటే కనీసం "ఎవరిచేత?" అని అడగొచ్చు. 'అణగారిన' దగ్గర ఆ ప్రశ్నకే చోటు లేదు. మన కరపత్రాల నిండా ఉన్నది ఈ రెండో మాటే.

పేరు మోసినవాళ్ళు ఊరుకోలేదు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభగా పిలిచిన సభ, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో ఎం.సి. రాజా తీర్మానం మీద మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లు ఒప్పుకుంది.

1931 నవంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేడ్కర్, రెట్టమలై శ్రీనివాసన్ ఇచ్చిన అదనపు వినతిపత్రం ఈ విషయంలో చాలా ముఖ్యం. 'డిప్రెస్డ్' అన్నది కించపరిచే పేరనీ, కొత్త రాజ్యాంగంలో మార్చాలనీ అడిగారు. వాళ్ళు సూచించిన పేర్లలో 'నాన్ కన్‌ఫార్మిస్ట్ హిందువులు' ఒకటి. ఇంగ్లండులో ప్రభుత్వ చర్చి కట్టడికి లొంగనివాళ్ళ పేరది. ఎంత తేడా చూడండి. నొక్కబడినవాడు కాస్తా ఒప్పుకోనివాడయ్యాడు. క్రియ అతని చేతికొచ్చింది.

ఆ పేర్లేవీ దక్కలేదు. 1931 జనాభా లెక్కల్లో హట్టన్ దొర 'బాహ్య కులాలు' అన్నాడు. 1935 చట్టంలో 'షెడ్యూల్డ్' వచ్చింది, అంటే పట్టికలో ఎక్కించబడిన. ఇక్కడా చేసినవాడు మాటలో లేడు, కాకపోతే ఎక్కించింది సర్కారని అందరికీ తెలుసు.

తమాషా ఏమంటే, 1934లో బ్రిటన్‌లో పనుల్లేక పాడుబడ్డ గనుల ప్రాంతాల కోసం 'డిప్రెస్డ్ ఏరియాల' బిల్లు తెస్తే, ప్రభువుల సభ ఆ విశేషణం తీసేసి 'స్పెషల్' అని మార్చింది. అక్కడ నెలల్లో పోయిన మాట మన సభల పేర్లలో 1942 జూలై దాకా ఉంది. ఆ నెల నాగపూర్‌లో జరిగిన అఖిల భారత డిప్రెస్డ్ క్లాసెస్ మహాసభలోనే షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ పుట్టింది.