ఎడమ పక్కకు జరిగే ముసలాయన

ఎనభై ఒక్క ఏండ్ల వయసుల ఒక ముసలాయన ఏరి ఏరి ఖూనీల పాటలు, రైలు బోల్తాల పాటలు, మునిగిన ఓడల పాటలు పాడి ఒక ఆల్బం తెచ్చిండు బిడ్డా. సాటుమాటుగ గాదు, చార్లీ లువిన్ ఖూనీ పాటలు, ప్రమాదాల పాటలు పాడుతున్నడని అట్ట మీదనే రాసిన్రు. 2008 ఆఖర్ల వచ్చింది. మా పెద్దోని దగ్గర అమెరికాల నాష్‌విల్‌ల ఉన్నప్పుడు ఇన్న. గా వయసుల ఎవరన్న దేవుని పాటలు పాడుకుంటరు గద అనుకోకుండ్రి. అవి సుత అదే ఏడు పాడిండు. దాని లెక్క వేరే. నేను చెప్పేది గీ సావు పాటల ముచ్చట.

ఆ కట్టె జర లోపలికి ఎగదొయ్యుండ్రి. పొగ ఇటు కొడుతున్నది.

అలబామా రాష్ట్రంల శాండ్ మౌంటెన్ అని గుట్టల సీమ ఉన్నది. ఆడ హెనగర్ దిక్కు పత్తి చేన్లల్ల పెరిగిండు చార్లీ. 1927ల పుట్టిండు. అన్న ఐరా మూడేండ్లు పెద్ద. వాళ్లమ్మకు పాత పాటలు శానా వచ్చు. ఇంగ్లండు దిక్కు నుంచి ఓడలెక్కి వచ్చినోళ్లు ఎంబడి తెచ్చుకున్న కథలు గవి. మన శారదకాండ్లు సర్వాయి పాపని కథ ఒకరి నోట ఇంకొకరు నేర్సుకున్నట్టె, ఆ గుట్టలల్ల గూడ పాట నోటి మీదనే నడిసింది. నాయిన కోపిష్టి మనిషి. ఇంటికి సుట్టాలు వస్తె చాలు, పోరగాండ్లను పాడుమనేటోడు. వీళ్లకేమో సిగ్గు. పాడకుంటె తన్నులు పడుతయ్, పాడుదమంటె ముఖం చెల్లదు. అందుకని మంచం కిందికి దూరి ఆడికెల్లి పాడేటోళ్లు.

ఒకనాడు చేన్ల పని చేసుకుంట ఉంటె రోడ్డెంబడి ఒక పెద్ద కారు పోయింది. అది రాయ్ అకఫ్ కారు. ఆ రోజులల్ల గ్రాండ్ ఓల్ ఆప్రీ అంటె అమెరికా పల్లెలన్ని రేడియో ముంగట కూసునేటియి, దాంట్ల పెద్ద పేరున్న పాటగాడు ఆయన. ఆ కారు కండ్లకు కానరానంత దూరం పోయేదాంక సూసి, మనం గూడ గిట్లనే కావాలె అనుకున్నరు అన్నదమ్ములు. అయిన్రు గూడ. 1955ల అదే ఆప్రీల చేరిన్రు. ఐరా మాండలిన్, చార్లీ గిటారు. ఐరాది ఆకాశానికెక్కే గొంతు, చార్లీది కింది గొంతు. పాట నడుమ ఎవలు పైకి పోయిన్రో, ఎవలు కిందికి దిగిన్రో పట్టుకునుడు కష్టం.

1956ల అమ్మ పాటలను, ఇంకొన్ని దుఃఖం పాటలను కలిపి ఒక ఆల్బం చేసిన్రు. దాంట్ల నాక్స్‌విల్ పిల్ల పాట ఉన్నది. ఒక పోరడు తను కోరుకున్న పిల్లను సాయంత్రం షికారుకు తీస్కపోతడు. దారిల ఒక కట్టె తీసి కొడుతడు. పిల్ల బతిమాలినా ఆపడు. సచ్చినంక ఏట్ల ఏస్తడు. ఇంటికొస్తె, బట్టలకు ఆ నెత్తురేందిరా అని తల్లి అడుగుతది. ముక్కుల నుంచి కారిందంటడు. ఆఖరికి జైలు పాలైతడు. గంతే.

ఎందుకు సంపిండని అడుగుతున్నవా? నేను గూడ అదే అడిగిన. పాట చెప్పది. మూడొందల ఏండ్ల కిందటి ఇంగ్లండు పాట ఇది. అప్పుడు ఆ పోరడు పిండి మర కాడ పనిచేసేటోడు. ఐర్లండ్‌ల పాడితె పిల్ల వెక్స్‌ఫర్డ్‌ది అయ్యింది, టెనెసీకి వచ్చేసరికి నాక్స్‌విల్‌ది అయ్యింది. ఊరు మారింది, పాత పాటల ఉన్న కారణం గూడ నడుమల రాలిపోయింది. మల్ల ఏస్తె వానికి ఒక సాకు దొరుకుతది గద! లువిన్ అన్నదమ్ములు సుత ఏయలే. తీయటి గొంతులతోని, జోల పాడినట్టు పాడిన్రు. ఇంటె ఒళ్లు జలదరిస్తది.

ఆ ఆల్బంలనే మేరీ పాట ఉన్నది. సలికాలం రాత్రి, ఈదురు గాలి. చంటి పిల్లను ఎత్తుకొని మేరీ తండ్రి ఇంటికి తిరిగొస్తది. తలుపు తియ్యి నాయినా అని ఒర్లుతది. గాలి మోతల ముసలాయనకు ఇనబడలే. పొద్దుగాల తలుపు తీసేసరికి మేరీ సచ్చి ఉన్నది, ఆమె చేతులల్ల పిల్ల మాత్రం బతికున్నది. 1956ల పాడిన ఈ పాటనే 2008ల చార్లీ మల్ల పాడిండు, ఈసారి ఒక్కడే. అప్పుడు పడుచు గొంతుల ఇంటె మేరీ మీద జాలైతది. ఇప్పుడు ముసలి గొంతుల ఇంటె తలుపు ఇవతల ఉన్న తండ్రి యాదికొస్తడు.

ఒక్కడే ఎందుకంటె, ఐరా లేడు. తాగుడు ఎక్కువైంది. శ్రుతి కుదరకుంటె స్టేజి మీదనే మాండలిన్‌ను పగలగొట్టేటోడు. 1963ల ఇద్దరు ఇడిపోయిన్రు. 1965 జూన్ 20న మిస్సోరి రాష్ట్రంల పెండ్లాంతోని కారుల వస్తుంటె తాగి నడిపేటోడు ఎదురుంగ వచ్చి గుద్దిండు. ఐరా పోయిండు, ఆమె గూడ పోయింది.

ఇగ ఆ 2008 ఆల్బంల పాత 97 పాట ఉన్నది. అది వర్జీనియాల టపా తీస్కపోయే మెయిలు బండి. ఆలిశం అయితె రైలు కంపెనీకి జుర్మానా. 1903 సెప్టెంబర్ 27న గంట ఆలిశమైందని డ్రైవరు బ్రోడీ ఉరికిచ్చిండు. డాన్‌విల్ కాడ వంపు మీదున్న వంతెన దాటలేక బండి లోయల పడింది. పదకొండు మంది సచ్చిన్రు. 1924ల వెర్నన్ డాల్హార్ట్ ఆ పాట పాడితె రికార్డులు లక్షలల్ల అమ్ముడు పోయినయ్. ఈ పాట చార్లీకి పేపర్ల సదివిన వార్త అసొంటిది. పాడిండు, అయిపాయె.

ఇంకొకటి అసొంటిది గాదు. నార్త్ కరోలినాల బట్టల మిల్లు కూలి డోర్సీ డిక్సన్ 1930లల్ల ఒక కారు ప్రమాదం మీద పాట కట్టిండు. రోడ్డు మీద పగిలిన అద్దాలు, నెత్తుట్ల కలిసిన సారా, ఒక్కలు గూడ దేవుని తల్సుకోలేదన్న బాధ. 1942ల దాన్ని ఊరూర మోగిచ్చింది ఎవలనుకున్నరు? రాయ్ అకఫ్, పత్తి చేను పక్కకెల్లి కారుల పోయినాయనే. చార్లీ సుత చిన్నప్పటి నుంచి ఆ పాట ఎరుకున్నోడె. అన్న సచ్చిన నలభై మూడేండ్లకు, తాగి గుద్దిన కారు పాటను ఏరుకొని పాడిండు. ఏడువలే. గొంతు పెంచలే. నాక్స్‌విల్ పాటల సంపినోనికి సాకు కట్టనట్టె, దీంట్ల తన దుఃఖం గూడ కలపలే. పాట ఎంత చెప్పిందో అంతే చెప్పిండు. అమ్మ నేర్పిన పద్ధతి అదే.

అన్నదమ్ములు పాడేటప్పుడు ఇద్దరికి ఒకటే మైకు ఉండేది. ఐరా పోయి ఎన్నేండ్లయినా, జంట గొంతు కలిసే సోట చార్లీ ఎడమ పక్కకు జరిగేటోడట. కుడి పక్క ఎవ్వలు లేరని ఎరుకే, అయినా జరుగుతనని ఆయననే చెప్పిండు. 2011 జనవరిల పోయిండు, కేన్సరొచ్చి.

మీరు ఫోన్ల ఎతికి ఇంటరు, నాకెరుకే. ఒక్కటే మాట ఇనుండ్రి. ముందుగాల 1956ది పెట్టుండ్రి, తర్వాతనే 2008ది. ముసలాయన పాట ముందు ఇంటె గొంతు పోయిందని పక్కకు పెడ్తరు. అన్నదమ్ములది ఇన్నంక ఇంటె, పోయింది ఆయన గొంతు ఒక్కటే గాదని మీకే తెలుస్తది.