మన్యసీమ తల్లుల అంబలికుండ

గోదావరి కిరువైపుల కొండలలోను, విశాఖ మన్యములోను, ఆదిలాబాదు అడవులలోను నివసించు గిరిజనుల చరిత్రను మనము సాధారణముగా తిరుగుబాటుల చరిత్రగా చదువుకొందుము. 1879 నాటి రంప పితూరీ, 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటము, 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము మరణము మనకు పరిచితములైన ఘట్టములు. వాని వెనుక అంతగా వ్రాతకెక్కని మఱియొక చరిత్ర కలదు. అది పొయ్యిమీది అంబలికుండ చరిత్ర. ఆ కుండ ఎట్లు నిండెడిది, ఎట్లు వెలితిపడెను, దానిని మరల నింపుటకు ఎవరెవరు ఏమేమి చేసిరి అను విషయమును ఇక్కడ కొంత విచారింతము.

పూర్వము ఆ కుండలో ఏమి ఉండెడిది? కొండవాలున అడవిని నఱికి, కాల్చి, ఆ బూడిదనేలలో విత్తు పోడు వ్యవసాయమున చోళ్లు, సామలు, కొఱ్ఱలు, జొన్నలు, కందులు, అనుములు కలసిమెలసి పెరిగెడివి. ఒక పైరు చెడినను మఱియొకటి చేతికందెడిది. ధాన్యమునకు తోడు పప్పుగింజయు అదే చేనిలో దొరకెడిది. చేను ఈయనిది అడవి ఇచ్చెడిది: దుంపలు, ఆకుకూరలు, వెదురుకొమ్ములు, తేనె, ఇప్పపువ్వు, వేటమాంసము. చెంచులు దుంపలు త్రవ్వుకొనెడివారు. కొండరెడ్లు జీలుగుమానులోని పిండిని, మామిడిటెంకలలోని జీడిని అంబలిగా కాచుకొనెడివారు. గోండులకు జొన్నయే ప్రాణము. ఐనను దానిని స్వర్గమని మనము భ్రమపడరాదు. పాతగింజ ఐపోయి క్రొత్తపైరు కోతకు రాని వానకాలపు నెలలు ఏటేట ఆకలినెలలే. చేనిపని మిక్కుటముగా నుండునదియు ఆ నెలలలోనే. గర్భిణియైనను, చంకబిడ్డ తల్లియైనను కలుపుతీయక తప్పెడిది కాదు.

1882లో మద్రాసు అటవీ శాసనము వచ్చెను. రిజర్వు అడవులకు హద్దులు ఏర్పడెను. తాతలనాటినుండి అడుగకుండ చేసికొను పోడు, ఏరుకొను కట్టె, మేపుకొను గడ్డి అధికారుల అనుమతికి లోబడిన వస్తువులయ్యెను. నైజాము రాజ్యమునను ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో రిజర్వుల హద్దులు గోండుగూడెముల చేలలోనికి చొచ్చుకొనివచ్చెను. మైదానములనుండి షాహుకార్లు వచ్చిరి. అప్పు క్రింద ముందు గింజ పోయెను, పిదప నేల పోయెను. ఏజన్సీ భూములు అన్యాక్రాంతము కాకుండుటకై మద్రాసు ప్రభుత్వము 1917లో ఒక చట్టము చేసెను. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో జరిగిన సవరణ ఆ కట్టును మఱింత బిగించెను. అప్పటికే చాల నేల చేతులు మారెను. బిడ్డల తిండిని గూర్చి చెప్పుచు భూమి మాట ఏల యని పాఠకులు శంకింపవచ్చును. అంగడి లేని చోట చేనే అంగడి. అది పోయిన ఇంట ముందుగా తగ్గునది పప్పు, తరువాత తగ్గునది అందఱి వెనుక తిను తల్లి వంతు.

ఈ మార్పును కన్నులార చూచి వ్రాసిపెట్టినవారిలో వియన్నాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెండార్ఫ్ ముఖ్యుడు. ఆయన 1940 మొదలుకొని హైదరాబాదు రాజ్యములోని చెంచుల, కొండరెడ్ల, గోండుల నడుమ నివసించెను. ఆయా జాతులను గూర్చి ఆయన రచించిన గ్రంథములు వరుసగా 1943, 1945, 1948 సంవత్సరములలో వెలువడెను. ఆయన ప్రోత్సాహమున 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము ఆరంభమయ్యెను. ఆ దశాబ్దముననే వేలకొలది కుటుంబములకు భూమిపట్టాలు లభించెను. పట్టా యనగా ఆనాడు ఆహారమే.

ఇదే కాలమున మఱియొకచోట మఱియొక కృషి సాగుచుండెను. 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెకారిసన్ ఒకే గదిలో బెరిబెరి వ్యాధి పరిశోధనమును ప్రారంభించెను. అదియే 1928 నాటికి పోషకాహార పరిశోధనశాలగా పెరిగెను, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చెను. ఆ పరిశోధనశాల అధిపతిగా నుండిన అయిక్రాయిడ్ 1937లో భారతీయాహారముల పోషకవిలువలను పట్టికలుగా ప్రకటించెను. అట్టి పట్టికలలో మనము గమనింపదగిన ఒక అంకె కలదు. 1971లో సి. గోపాలన్ ప్రభృతులు ప్రకటించిన గ్రంథము ననుసరించి నూఱు గ్రాముల చోళ్లలో 344 మిల్లీగ్రాముల సున్నపుధాతువు కలదు. మఱపట్టిన బియ్యములో పది మాత్రమే. మొఱటుతిండి యని మనము చులకన చేసిన గింజ ఎముకలు కట్టు వయసున ఎంత అవసరమో ఆ అంకెయే చెప్పుచున్నది.

గోపాలన్ పేదతల్లుల చనుబాలనుగూడ పరిశీలించెను. అరకడుపు తిను తల్లియు చాలినన్ని పాలే ఇచ్చుచుండుట ఆయనకు కానవచ్చెను. అయితే ఆ పాలు ఆమె తన ఒడలిని కరగించి ఇచ్చినవి. కాన్పు వెంట కాన్పు వచ్చిన కొలది ఆమె కృశించును. బిడ్డకు ఆఱు నెలలు నిండిన పిమ్మట చనుబాలు మాత్రమే చాలవు. మెత్తని ఆహారము కావలెను, అదియు పలుమాఱులు కావలెను. బిడ్డ కడుపు చిన్నది గదా! కొండగూడెములలో బిడ్డలు చిక్కిపోవుట ఎక్కువగా మొదలగునది ఈ వయస్సుననే.

అప్పటికి ప్రపంచమంతట మాంసకృత్తుల కొఱతయే బిడ్డల వ్యాధికి మూలమను మాట ప్రబలియుండెను. హైదరాబాదు పరిసరగ్రామములలో పిల్లలకు దినమునకు సుమారు 310 కెలొరీలు, 3 గ్రాముల మాంసకృత్తులు గల అదనపు ఆహారమును పెట్టి చూచి, వారు బాగుగ ఎదిగిరని గోపాలన్ బృందము 1973లో తెలిపెను. అనగా ఆ పిల్లలకు కొఱవడినది విదేశపు పొడి కాదు, తమ యింటి తిండియే మఱికొంత. ఈ తలంపునుండియే గోధుమలు 40, సెనగపప్పు 16, వేరుసెనగపప్పు 10, బెల్లము 20 గ్రాముల పాళ్లతో 'హైదరాబాదు మిశ్రమము' పుట్టెను. 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవాపథకము ప్రారంభమయ్యెను. అంగన్‌వాడీ యను మాట మన భాషలోనికి వచ్చినది అందుతోనే.

గింజకు సంబంధించిన మఱియొక కథ దీనికి ప్రక్కగా నడచినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీఫలసాయమును కొని, నిత్యావసరములను అమ్ముటతో షాహుకారి పట్టు కొంత సడలెను. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. ఆకలినెలలు గడుపుటకు అది పెద్ద ఆసరా యయ్యెను. దానిని తక్కువగా చూడరాదు. కాని బియ్యము చౌకయైన కొలది చోళ్లు, సామలు చేలనుండి, పళ్లెములనుండి తొలగుచు వచ్చెను. కడుపు నిండెను, కుండలోని వైవిధ్యము తగ్గెను.

ఇక దూరము సంగతి. ఆఱేండ్ల లోపు పిల్లలు కనీసము 40 మంది గల నివాసమునకు కోరిన మూడు నెలలలో అంగన్‌వాడీ ఈయవలెనని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఆదేశించెను. మైదానమునకు ఇది గొప్ప మేలు. పదిహేను గుడిసెల కొండగూడెమున నలుబదిమంది పసివారెక్కడ? ఆ తల్లి వాగు దాటి, గుట్ట దిగి, పొరుగూరికి పోవలెను. చిన్నగూడెములకై చిన్న అంగన్‌వాడీలను ఏర్పఱచుట ఈ చిక్కును ఎఱిగి చేసిన పని. 2013 నాటి జాతీయ ఆహారభద్రత చట్టము గర్భిణులకు, బాలింతలకు దినమునకు 600 కెలొరీలు, 18 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు గల ఆహారమును హక్కుగా చేసెను. 2015లో తెలంగాణము ఆరోగ్యలక్ష్మి పేర గ్రుడ్డు, పాలతో కూడిన పూటభోజనమును ఆరంభించెను. 2020లో ఆంధ్రప్రదేశము 77 గిరిజన మండలములకు ప్రత్యేక పోషణపథకమును ప్రకటించెను. అందు ఇంటికిచ్చు సరకులలో చోడిపిండియు చేరెను. చేలనుండి తొలగిన గింజ సంచిలో తిరిగి వచ్చెను!

ఇంత జరిగియు పని ముగియలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున ఐదేండ్ల లోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు నూటికి 35.5 మంది, గిరిజనులలో 40.9 మంది. కొండతల్లికి బుద్ధి చెప్పినచో అంతయు సరియగునని తలచుట మనకు వాడుకయైనది. చరిత్ర అట్లు చెప్పుట లేదు. అడవికి, చేనికి పోక తప్పని తల్లి బిడ్డకు దినమునకు ఐదుమాఱులు తినిపింపుమను ఉపదేశమును ఎట్లు పాటింపగలదు? బిలాస్‌పూర్ ప్రాంతపు అటవీగ్రామములలో 'ఫుల్వారీ' యను శిశుగృహములు పెట్టి, మూడేండ్ల లోపు పిల్లలను పగలెల్ల కనిపెట్టి, తినిపించుచున్నారు. ఆ ప్రశ్నకు అది యొక జవాబు. 2017 మొదలు ఒడిశా ప్రభుత్వము చిరుధాన్యముల సాగును ప్రోత్సహించి, కేంఝర్ జిల్లా అంగన్‌వాడీలలో చోడిలడ్డు పెట్టించుట మఱియొక జవాబు.

కావున అంబలికుండ నిండుటకు మూడు కావలెను: చేయి విడువని నేల, నడచి చేరదగిన అంగన్‌వాడీ, తల్లి పనికి పోయినపుడు బిడ్డకు తినిపించు మఱియొక చేయి. మొదటిదానికి చట్టము కలదు, రెండవదానికి ఉత్తరువు కలదు. మూడవది ఇంకను చాలగూడెములకు చేరవలసియున్నది. కొండలనుండి వచ్చు తేనెను, చింతపండును, కుంకుడుకాయలను మనము నిత్యము వాడుకొందుము. వానిని ఏరి తెచ్చిన తల్లి ఆనాడు ఏమి తినినది, ఆమె బిడ్డకు ఎవరు తినిపించిరి అని అడుగుటయు మన విధియే.