పడవ ఎక్కిన పుస్తకం

పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల వరుసలో కాసేపు నిలబడితే చాలు, అండమాన్ ఎవరిదో ఒక్క ముక్కలో తేల్చలేమని అర్థమైపోతుంది. ముందున్నాయన ఫోన్లో బెంగాలీ మాట్లాడుతుంటాడు. వెనక ఇద్దరు తమిళంలో వాదులాడుకుంటుంటారు. కౌంటర్ దగ్గర అందరి నోటా హిందీయే, అదీ ఈ దీవుల్లో నలిగి తయారైన హిందీ. ఆ సందడి మధ్యలో ఎక్కడో “సంచి ఇటియ్యరా” అని శ్రీకాకుళం యాస వినబడుతుంది. హేవ్‌లాక్, నీల్, రంగత్, హట్‌బే వెళ్లే ఓడలు ఇక్కణ్ణుంచే కదులుతాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ఉన్నది 3 లక్షల 80 వేల మంది. అందులో బెంగాలీ మాతృభాషగా ఉన్నవాళ్లు 28 శాతం, హిందీ 19, తమిళం 15, తెలుగు 13, ఆ తర్వాత నికోబారీ, మలయాళం. తెలుగువాళ్లు దాదాపు 50 వేలు. ఇంత కలగూరగంప జనానికి గ్రంథాలయం పెట్టడమంటే తలుపులు బార్లా తెరిచి కూర్చుంటే అయ్యే పని కాదు. బీరువాలో ఎవరి లిపి ఉంది, ఆ బీరువా దాకా మనిషి ఎలా వస్తాడు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు కావాలి. తెలుగు నేల మీద గ్రంథాలయోద్యమం నడిచినన్నాళ్లూ తలపడింది ఈ రెండిటితోనే. ఆ అనుభవంలో ఎంత భాగం సముద్రం దాటి ఇక్కడికి చేరిందో చూడాలి.

ముందు దీవుల సంగతి. 1858 మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ఆ తర్వాత ఎనభై ఏళ్లపాటు ఈ ఊరికి జనం వచ్చింది ఎక్కువగా సంకెళ్లతోనే. 1906 నాటికి సెల్యులార్ జైలు పూర్తయింది. అందులో రాజకీయ ఖైదీలకు ఆహారం తర్వాత అంత పెద్ద పోరాటమైనది పుస్తకమే. 1911లో వచ్చిన సావర్కర్, తోటి ఖైదీలకు చదువు చెప్పడం గురించీ, జైల్లో పుస్తకాలు కూడబెట్టడం గురించీ తన జ్ఞాపకాల్లో వివరంగా రాసుకున్నారు. 1933 మేలో మొదలైన నిరాహార దీక్ష కోర్కెల్లో తినదగిన తిండి, గదుల్లో దీపంతోపాటు పుస్తకాలు, పత్రికలు కూడా ఉన్నాయి. బలవంతంగా గొట్టాలతో పాలు పోయబోతే మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నామదాస్ ప్రాణాలు వదిలారు. దీక్ష 46 రోజులు సాగాక ప్రభుత్వం దిగివచ్చింది. ఆ మీదట జైలు ఒక పాఠశాలగా మారిందంటే అతిశయోక్తి కాదు. ఖైదీలు తరగతులు పెట్టుకున్నారు, తెప్పించుకున్న పుస్తకాలను వంతులవారీగా చదివారు, చదివినదాని మీద తగువులాడుకున్నారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి లాంటి తెలుగువాళ్లు కూడా ఈ జైలు చూసినవాళ్లే. 1938 మొదట్లో రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి పంపేశారు.

1994 నాటి యునెస్కో గ్రంథాలయ ప్రణాళిక, మామూలుగా గ్రంథాలయానికి రాలేనివాళ్ల కోసం ప్రత్యేక సేవలుండాలంటూ భాషా మైనారిటీలను, వికలాంగులను, ఆసుపత్రుల్లోనూ జైళ్లలోనూ ఉన్నవాళ్లను పేరుపెట్టి చెప్పింది. ముగ్గురు చనిపోయి సంపాదించిన హక్కు అంతర్జాతీయ పత్రంలో ఒక వాక్యంగా కనబడటానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

ఈ దీవులు ఖైదీల నెలవుగా ఉన్న కాలంలోనే కోస్తాలో జరుగుతున్నది వేరే కథ. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణ మూర్తి పెట్టిన గ్రంథాలయాన్ని ఆంధ్రదేశంలో మొదటి పౌర గ్రంథాలయంగా లెక్కిస్తారు. పెట్టింది సంస్థానాధీశుడూ కాదు, దొరా కాదు. 1911లో బెజవాడలో రామమోహన ధర్మ పుస్తక భాండాగారం తెరుచుకుంది. 1914 ఏప్రిల్ 10న అక్కడే ఊరూరి గ్రంథాలయాల ప్రతినిధులు కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పాటు చేశారు. దేశంలో ఈ తరహా సంఘాల్లో ఇది మొట్టమొదటిదని చెప్పుకుంటాం. దాని వెనక తిరుగుతున్న యువకుడు అయ్యంకి వెంకట రమణయ్య. అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. కంటిచూపు మందగించి ఇతరుల చేత చదివించుకుని, చెప్పి రాయించుకున్న రచయిత. రాజమండ్రిలో దళిత పిల్లల కోసం బడి నడిపినవారు. చదువుకు అడ్డుపడే గోడలు ఎన్ని రకాలో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ కుర్చీలో ఆయన కూర్చోవడం కాకతాళీయమే కావచ్చు గానీ, నాకు మాత్రం ఎంతో సబబుగా తోస్తుంది.

అయ్యంకి 1915లో ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక మొదలుపెట్టారు. ఊరూరా తిరిగే గ్రంథాలయ యాత్రలు నడిపించారు. 1919 నవంబర్ 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగడానికి పూనుకున్నదీ ఈ బెజవాడ బృందమే. నేటికీ గ్రంథాలయ వారోత్సవాలు నవంబర్ 14న మొదలవడానికి మూలం అదే. బాలల దినోత్సవంతో కలిసి రావడం యాదృచ్ఛికం. ఆ సభకు అధ్యక్షుడు బరోడా సంస్థాన గ్రంథాలయాల అధికారి కుదాల్కర్. బరోడాలో శాయాజీరావు గైక్వాడ్ 1910 నుంచి గ్రంథాలయ వ్యవస్థ నిర్మిస్తూ, పుస్తకాలు నింపిన పెట్టెలను పల్లెలకు తిప్పించాడు. అక్కడ రాజు చేత, రాజు డబ్బుతో జరిగిన పని ఇక్కడ బడిపంతుళ్లు, వకీళ్లు, చిన్న వర్తకులు చందాలెత్తి చేశారు. తేడా ఫలితాల్లోనూ కనబడుతుంది. బరోడాలో క్రమం ఉంది, మన దగ్గర ఉత్సాహం ఉంది. పూనుకున్న పెద్దమనిషి కన్నుమూస్తే తాళం పడ్డ గ్రంథాలయాలు మనకు కోకొల్లలు.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఈ ఉద్యమాన్ని ఎక్కువగా నడిపింది అగ్రవర్ణాల చదువరులు. ఊరి గ్రంథాలయం సత్రంలోనో, గుడి మండపంలోనో, ఎవరి అరుగు మీదో ఉంటే, ఆ అరుగెక్కే హక్కు లేనివాడికి అది ఎంత దగ్గరున్నా దూరమే. చదువు రానివాళ్లకు మాత్రం ఉద్యమం ఒక దారి వెతికింది. సాయంత్రం పత్రిక పైకి చదివి వినిపించడం, రాత్రి బడి, హరికథ, భజన. వయోజన విద్యను గ్రంథాలయంతో ముడివేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వాదన సూటిది: చదవగలిగే మనిషే లేనప్పుడు పుస్తకం ఎవరి కోసం?

హైదరాబాద్ రాజ్యంలో లెక్క వేరు. అక్కడ అడ్డుగోడ కులంతోపాటు భాష కూడా. నిజాం పాలనలో పెద్ద గ్రంథాలయం 1891 నాటి అసఫియా. దాని సంపద ప్రధానంగా అరబ్బీ, పార్శీ, ఉర్దూ. ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు చోటు కావాలంటే వేరే గది వెతుక్కోవాలి. 1901 సెప్టెంబర్ 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు పూనికతో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఆ గది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం. గ్రంథాలయం పెట్టినవాళ్ల మీద సర్కారు కన్ను పడేది. సభ జరపాలంటే అనుమతి కావాలి. అందుకే తెలంగాణలో గ్రంథాలయం చరిత్ర, తెలుగు మాట్లాడే హక్కు చరిత్ర పక్కపక్కనే నడుస్తాయి. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున నిలిచిన అసఫియా తర్వాత రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమై తెలుగుకూ తలుపు తీసింది. ఉర్దూ, పార్శీ బీరువాలు పోలేదు, పక్కన తెలుగు బీరువాలు చేరాయి. అలా చేరడమే న్యాయం, నా దృష్టిలో.

నాకు ఈ చరిత్ర మొత్తంలో అతి ఇష్టమైన ఘట్టం 1935 నాటిది. గుంటూరు జిల్లా పెదపాలెం వాసి పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవల్లో గ్రంథాలయం నడిపారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య జనం పడవల మీద వెళ్లే రోజులవి. కాలువ పడవ అంటే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగే వ్యవహారం. గంటలకు గంటలు, లాకుల దగ్గర ఆగి, నీరు నిండేదాకా కూర్చుని, మళ్లీ కదలాలి. అంతసేపూ ప్రయాణికుడికి చేసే పనేమీ ఉండదు. ఆ ఖాళీ వేళను నాగభూషణం పట్టుకున్నారు. పుస్తకాల పెట్టె పడవెక్కింది. కూర్చున్నవాడు చదువుతాడు, చదువురానివాడు పక్కవాడు చదివితే వింటాడు, దిగేటప్పుడు తిరిగి ఇచ్చేస్తాడు. అప్పటికి నాలుగేళ్ల క్రితమే, 1931లో, తమిళనాడు మన్నార్గుడిలో ఎద్దుల బండి మీద గ్రంథాలయాన్ని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ ప్రారంభించారు. అదే ఏడాది ఆయన గ్రంథాలయ పంచ సూత్రాలు అచ్చయ్యాయి. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది ఆయన నాలుగో సూత్రం. పాఠకుడి దగ్గర ఎటూ వృథా అవుతున్న సమయాన్ని వాడుకోవచ్చన్నది, ఎక్కడా సూత్రంగా రాసిపెట్టకపోయినా, పాతూరి కనిపెట్టింది. పశ్చిమ నార్వే తీరంలో 1959 నుంచి 2020 దాకా పుస్తకాల ఓడ తిరిగింది. దానికి ప్రపంచమంతటా పేరొచ్చింది. మన కాలువ పడవ సంగతి గ్రంథాలయ శాస్త్రం విద్యార్థులు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఉత్సాహం చట్టంగా మారింది. 1948 మద్రాసు ప్రజా గ్రంథాలయ చట్టం, 1955 హైదరాబాద్ చట్టం, రెండూ కలిసి 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. జిల్లాకో గ్రంథాలయ సంస్థ. మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసిన సెస్సును సంస్థలకు జమకట్టకుండా నాన్చడం అప్పట్నుంచీ ఉన్న జబ్బే. అయినా, డబ్బు ఎక్కణ్ణుంచి రావాలో చట్టం చెప్పింది కాబట్టి అడగడానికి ఒక చోటుంది.

ఇక మళ్లీ ఫీనిక్స్ బేకి. అండమాన్ నికోబార్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. సెస్సు వేసే గ్రంథాలయ చట్టాన్ని తనంతట తాను చేసుకునే వేదికే లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో స్టేట్ లైబ్రరీ ఉంది. 2024లో ఊరి పేరు శ్రీవిజయపురం అయింది గానీ జనం నోట్లో ఇంకా పాత పేరే. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులు, అంతకుముందే 1920లలో మలబారు మాప్పిళాలు, మాయాబందర్ దగ్గర బర్మా కరెన్‌లు, అడవి పనికి రాంచీ కూలీలు, గ్రేట్ నికోబార్‌లో మాజీ సైనికులు, ఇలా ఎవరి దారిన వాళ్లొచ్చారు. తెలుగువాళ్లలో ఎక్కువమంది విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి. జంగ్లీఘాట్‌లో వేటకెళ్లే మత్స్యకార కుటుంబాల్లో తెలుగు ఇప్పటికీ ఇంటి భాష. ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది.

ఫీనిక్స్ బే పక్కనే మానవశాస్త్ర మ్యూజియం. జరవా, ఓంగీ, గ్రేట్ అండమానీల విల్లంబులు, బుట్టలు, పడవలు అద్దాల వెనక కనబడతాయి. ఈ నేలకు అసలు సొంతదారుల గురించి పుస్తకాలు బోలెడు, అవన్నీ దాదాపుగా ఇంగ్లీషులో, ఇతరులు రాసినవి. వాళ్ల భాషల్లో వాళ్ల కోసం అచ్చయిన పుస్తకం కోసం ఏ బీరువా వెతికినా చేయి దాదాపు ఖాళీగానే వస్తుంది. నికోబారీ పరిస్థితి కొంత మెరుగు. బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పూనికతో బైబిల్ ఆ భాషలో రోమన్ లిపిలో వచ్చింది. దీవుల గ్రంథాలయ సమానత్వం గురించి మాట్లాడేటప్పుడు బెంగాలీ, తమిళ, తెలుగు వాటాల పంపకం దగ్గరే చర్చ ఆగిపోతుంది. అంతకంటే కింది మెట్టు ఉందని మ్యూజియం చూసొచ్చాకే తడుతుంది.

తెలుగు బీరువాకు అసలు కష్టం సముద్రం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 1200 కిలోమీటర్లు, ఓడలో రెండు రోజుల పైచిలుకు. చెన్నై, కోల్‌కతాలతో పోలిస్తే విశాఖ నుంచి ఓడలు అరుదు. తమిళ వారపత్రిక వచ్చినంత సులువుగా తెలుగు వారపత్రిక రాదు. వచ్చిన పుస్తకమైనా పోర్ట్ బ్లెయిర్‌లో ఆగితే, రంగత్‌లో, డిగ్లీపూర్‌లో, హట్‌బేలో ఉన్నవాడికి మరో ఓడ ప్రయాణం మిగిలే ఉంటుంది. ఫీనిక్స్ బే నుంచి హట్‌బేకి గంటలు పడుతుంది. పాతూరి పెట్టె ఎక్కదగ్గ పడవ ఏదైనా ఉంటే అది ఇదే. దీవుల మధ్య ఓడలు చాలావరకు ప్రభుత్వానివే, రోజూ తిరిగేవే, కూర్చున్నవాళ్లకు పనిలేనివే.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ అందుబాటులోకి వచ్చింది. 2300 కిలోమీటర్ల తీగ. పోర్ట్ బ్లెయిర్‌తోపాటు స్వరాజ్ ద్వీప్ (హేవ్‌లాక్), హట్‌బే ఉన్న లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకు. అంతకుముందు ఉపగ్రహమే గతి. ఇప్పుడు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకం హట్‌బేలో ఫోన్లో తెరుచుకుంటుంది. కానీ ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదివేది హిందీ, ఇంగ్లీషు. వాళ్లకు తీగ తెచ్చే పీడీఎఫ్ కంటే, బొమ్మలున్న రెండు భాషల పుస్తకమో, వినే పుస్తకమో ఎక్కువ ఉపయోగం. పత్రిక పైకి చదివి వినిపించిన పాత అలవాటు ఇంకా తీరని అవసరమే.

1972లో కోల్‌కతాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్రాలతో, కేంద్రపాలిత ప్రాంతాలతో కలిసి గ్రంథాలయాలకు పుస్తకాలు కొంటుంది. ఆ పథకాలను నడిపేది ఎక్కడికక్కడ ఉండే గ్రంథాలయ కమిటీ. తెలుగు శీర్షికలు ఎన్ని, వాటిలో పిల్లలవి ఎన్ని, నికోబారీకి ఏం చేయాలి, పెట్టె హట్‌బే ఓడ ఎక్కాలా వద్దా అన్నవి ఆ బల్ల దగ్గరే తేలాలి. ఆ బల్ల చుట్టూ తెలుగు చదవగలిగేవాళ్లు, నికోబారీ మాట్లాడేవాళ్లు ఉన్నారా అన్నది దీవుల సంఘాలు ఏటా అడగాల్సిన ప్రశ్న.