రొయ్యకు సుంకం, కంప్యూటర్‌కు మినహాయింపు



ఇందుకూరుపేట, విడవలూరు, కోట, వాకాడు తీరాన రొయ్యల గుంటల మీద మేత చల్లేది, రాత్రి కాపలా కాసేది చాలాచోట్ల మన యానాదోళ్లే. ఆ కూలి డబ్బులతోనే ఇంట్లో చదివే పిల్లకి ల్యాప్‌టాప్ కొనాలి. కూలి పెట్టే రొయ్య, కొనాల్సిన కంప్యూటర్, రెండూ దేశాల తగువుల్లో ఇరుక్కున్నవే. కానీ ఆ తగువులు రెండిటినీ ఒకేలా చూడలేదు.

జపాన్ మెమరీ చిప్‌లు మరీ చవగ్గా అమ్ముతోందని అమెరికా గొడవపడింది. 1986లో ఒప్పందం చేసుకుని, ఇంతకంటే తక్కువకి అమ్మకూడదన్నారు. రెండేళ్లకే మెమరీకి కొరత, ధరల మోత. భారం పడింది కంప్యూటర్ కొనేవాళ్ల మీద.

1996 డిసెంబర్‌లో సింగపూర్‌లో కంప్యూటర్లు, విడిభాగాల మీద సుంకాలు ఎత్తేయడానికి ఒప్పందం కుదిరింది. 1997లో మన దేశమూ చేరి, 2005కల్లా సున్నా చేస్తామంది. సరిగ్గా ఆ 2005లోనే అమెరికా మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. ఎక్కువ కంపెనీలకు 10.17 శాతం.

2018లో అమెరికా, చైనా తగువు. చైనా మదర్‌బోర్డులు, గ్రాఫిక్స్ కార్డుల మీద 10 శాతం, 2019 మేలో 25 శాతం. కంపెనీలు తయారీని చైనా బయటికి జరపసాగాయి. ఆ ఖర్చంతా చివరికి ధరలోకే చేరుతుంది.

ఇక 2025. ఏప్రిల్ 2న అమెరికా దాదాపు అన్ని దేశాల మీదా సుంకాలు ప్రకటించింది. ఏప్రిల్ 11కే కంప్యూటర్లు, ఫోన్లు, చిప్‌లకు మినహాయింపు ఇచ్చేసింది. రొయ్యకు మినహాయింపు కోరమని మన ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. రాలేదు. ఆగస్టు 27 నాటికి కొత్త సుంకమే 50 శాతం అయింది.

ఎందుకీ తేడా? కంప్యూటర్ ధర పెరిగితే పెద్ద కంపెనీలు, అక్కడి కొనుగోలుదారులు ఊరుకోరు. రొయ్య మన దగ్గర కాకపోతే ఈక్వెడార్‌లో దొరుకుతుంది. సుంకం పడగానే ఎగుమతిదారు కౌంట్ ధర కోస్తాడు, రైతు పిల్ల వెయ్యడం తగ్గిస్తాడు. రైతుకి అది పంట విరామం, మనకి పని విరామం.

రైతుకి సాయం చెయ్యమని అడిగేవాళ్లున్నారు. గుంట మీద కూలీకి కూడా చెయ్యమని అడగాల్సింది చదువుకున్న మనమే.