పాలు తాగినా కాల్షియం ఎందుకు పడిపోతుంది?

మా పిన్నికి థైరాయిడ్ ఆపరేషన్ అయిన రెండో రోజు పెదాల చుట్టూ తిమ్మిర్లు మొదలయ్యాయి, చేతివేళ్లు కొంకర్లు పోయాయి. "నీరసంలే" అనుకున్నాం. రక్తపరీక్ష చేస్తే కాల్షియం బాగా తక్కువ! రోజూ పాలు తాగే మనిషికి ఇదేంటని నేను చరిత్ర తవ్వడం మొదలుపెట్టా.

1870ల చివర్లో వియన్నాలో బిల్‌రోత్ అనే పేరున్న సర్జన్ ఉండేవారు. గొంతువాపు ఉన్నవాళ్లకి థైరాయిడ్ మొత్తం తీసేసేవారు. ఆ తర్వాత కొందరికి ఇలాగే కొంకర్లు వచ్చేవి. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

1880లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అనే మెడికల్ స్టూడెంట్, మనిషి థైరాయిడ్ పక్కనే బుల్లి గ్రంథులున్నాయని రాశాడు. అవే పారాథైరాయిడ్లు. మామూలుగా నాలుగుంటాయి, ఒక్కోటి బియ్యపు గింజంత. కానీ అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1909లో అమెరికాలో మెకల్లమ్, వోగ్ట్‌లిన్ కుక్కల్లో ఆ గ్రంథులు తీసి చూశారు. రక్తంలో కాల్షియం పడిపోయింది. కాల్షియం ఎక్కిస్తే కొంకర్లు ఆగాయి! అంటే పాత సర్జన్లు థైరాయిడ్‌తో పాటు వీటినీ తెలియకుండానే తీసేశారన్నమాట.

కాబట్టి తిండి ఒక్కటే కారణం కాదు. ఈ గ్రంథులు దెబ్బతిన్నా, విటమిన్ డి గానీ మెగ్నీషియం గానీ తగ్గినా, కిడ్నీ జబ్బు ఉన్నా కాల్షియం పడిపోవచ్చు. మెడ ఆపరేషన్ తర్వాత తిమ్మిర్లు వస్తే మాలా "నీరసంలే" అనకండి, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. పిన్ని ఇప్పుడు బాగుంది. ఉంటా మరి!